మరిది వలలో నా రెండు వేళ్లు

నా కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు చూసి మెచ్చుకున్నవాళ్లు లేరు. గణుపులు ఉబ్బి ఉంటాయి. పొలుసు గీకీ, మొప్పలు పీకీ చర్మం గరుకుదేలింది. అయినా నర్మెట్ట దిక్కున ఉన్న మా ఊరి చెరువులో ఏ చేప బతకాలో, ఏ చేప గంపకెక్కాలో చెప్పేవి ఈ రెండు వేళ్లే. నడుమ కొన్నేళ్లు వాటి మాట చెల్లకుండా చేశారు. చేసినవాడు నా మరిది, నా పెనిమిటికి తోడబుట్టిన తమ్ముడు. వాడికి నేనేం చేశానో రాసిపెట్టాలని కూర్చున్నాను. మూడో తరగతితో బడి మానిన చేయి నాది. అక్షరాలు వంకరగా వస్తాయి గానీ జరిగినదాన్ని వంకర తిప్పే అలవాటు నాకు లేదు.

ముందు మా పద్ధతి చెప్పాలి.

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మా దిక్కు ప్రతి ఇంట్లో చేపల కూర వండుతారు. ఆ రోజు అమ్మకంతో మా ఇళ్లలో వలలు దూలానికెక్కుతాయి. వానలు పడి, వాగునీళ్లు చెరువులోకి వచ్చి, మత్తడి, అంటే అలుగు, దూకుతున్నంత కాలం ఎవరూ వల దింపకూడదు. ఆ నెలల్లో చేపల కడుపుల్లో గుడ్లుంటాయి. కొర్రమట్టలైతే తుంగలో పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు నీళ్ల మీద ఎర్రటి ముద్దలా కదులుతుంటాయి, తల్లీ తండ్రీ ఆ ముద్ద కిందే కాపలా తిరుగుతుంటాయి. పిల్లల్ని వదిలి పోవు కాబట్టి ఆ తల్లిని పట్టడం కంటే సులువైన పని చెరువులో ఇంకోటి లేదు. అందుకే పట్టకూడదని మా పెద్దలు కట్టడి చేశారు. మేం డబ్బులు పోగుచేసి కొని వదిలిన రవ్వలు, బొచ్చెలు కూడా ఆ నెలల్లోనే ఒళ్లు చేయడం మొదలుపెడతాయి. దసరాకు అరచేయంత ఉన్నది శివరాత్రికి మోచేయంత అవుతుంది. ఆగినవాడికి ఒక్క చేప చాలు. ఆగనివాడికి గంపెడు పట్టినా చాలదు.

దసరా నాడు వలలు దించి, పసుపు కుంకుమ పెట్టి, చేపల సొసైటీ షెడ్డు ముందు పరుస్తారు. అప్పుడు చేపలు పట్టే ఇళ్లన్నిటిలో పెద్ద ఆడమనిషి వచ్చి ప్రతి వల కన్నులో రెండు వేళ్లు కలిపి దూరుస్తుంది. రెండో గణుపు దాటి వేళ్లు పోతే వల చెరువులోకి, పోకపోతే ఇంటికి. మగవాళ్లు ఎవరి వలను వాళ్లే మెచ్చుకుంటారని ఆ పని ఆడవాళ్లకు పెట్టారు. నా కంటే ముందు మా అత్త వేళ్లు చూశాయి. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది. జీతం లేదు, కుర్చీ లేదు. కానీ ఆ ఒక్క పూట ఊళ్లో ఎంత మొనగాడైనా నా ఎదుట చేతులు కట్టుకొని నిలబడాలి.

ఇంకో కట్టడి కూడా ఉండేది. వలలెక్కిన నెలల్లో దొంగతనంగా చేప పట్టినవాడు ఆడవాళ్ల గంప నెత్తిన పెట్టుకొని బజారంతా అరుస్తూ తిరగాలి. మా ఇళ్లలో మగవాడు వల పట్టాడంటే పరువు, గంప ఎత్తాడంటే సిగ్గు. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త ఒకడి నెత్తిన చుట్టబట్ట పెట్టి, గంప ఎత్తి పంపడం నా కళ్లారా చూశాను. వాడు ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె ఎదురొస్తే గోడవారగా నడిచేవాడు. మా అత్త మీద నాకు ప్రేమ తక్కువ. ఆ ఒక్క రోజు మాత్రం ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

నా పెనిమిటి పోయాక మరిది సొసైటీ అధ్యక్షుడయ్యాడు. అప్పటికే తెలంగాణ ఉద్యమం ఊరూరా పాకింది. వాడికి మైకంటే మోజు. కండువా ఎప్పుడూ భుజం మీదే. జనగామలో ఏ టెంటు వేసినా ముందు వరుసలో కూర్చునేవాడు. అదే ఏడు కొడుకు పెళ్లి చేసి, డోర్నకల్ నుంచి రైలు ఉద్యోగి బిడ్డను కోడలిగా తెచ్చుకున్నాడు. పిల్ల ఇంటర్ చదివింది, మనిషి సన్నం, చేతివేళ్లు ఇంకా సన్నం.

ఆ దసరాకు వాడు ఓరుగల్లు నుంచి మిషను మీద అల్లిన నైలాను వల కొత్తది కొనుక్కొచ్చి పరిచాడు. వంగి వేళ్లు పెట్టాను. మొదటి గణుపు దగ్గరే ఆగాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ ఆగాయి.

"గిది దోమతెర మరిదీ. పిల్లలను పండవెట్టుకోను కొన్నవా, చేపలకు కొన్నవా?" అన్నాను.

వాడు నలుగురి వైపు తిరిగి నవ్వాడు. "వల కన్ను సిన్నగున్నదా వదినె, నీ వేళ్లు లావైనయా? పిడకలు కొట్టి కొట్టి అరటికాయల్లెక్క అయినయి. గా వేళ్లు పెండకు పనికొస్తయి గని వలకు పనికిరావు."

చుట్టూ నిలబడ్డవాళ్లు గొల్లుమన్నారు. అంతటితో ఆగలేదు వాడు. షెడ్డు గడపలో నిలబడ్డ కోడలిని పిలిచాడు. "బిడ్డా, గిట్ల రా. జర నువ్వు పెట్టు."

పిల్ల నా ముఖం చూసింది, మామ ముఖం చూసింది. మామ మాటే వింది. దబ్బనంలాంటి ఆ వేళ్లు మొదలుదాకా దిగిపోయాయి.

"ఇగో, వట్టినయి! ఆడమనిషి వేళ్లు దూరాలె అన్నరు పెద్దలు. ముసలామె వేళ్లే దూరాలని అన్నరా? ఆచారం ఏడ తప్పింది, ఎవలన్న జెప్పుండ్రి!"

ఎందుకు చెబుతారు? ఆ నెలాఖరుకల్లా ప్రతి ఇంటికీ మిషను వల వచ్చింది. బడి ఫీజులున్నాయి, మందుల ఖర్చులున్నాయి, నాలుగు నెలలు ఆగే ఓపిక ఎవరికీ లేదు. నాతో కలిసి గంప మోసిన ఆడవాళ్లు కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈ రోజుకూ చెప్పగలను.

ఇంటికొచ్చి చారు పెట్టుకున్నాను. అది మరిగేంతసేపూ పొయ్యి ముందు కూర్చొని ఒకటే అనుకున్నాను. వీణ్ణి చాటుగా తిట్టి లాభం లేదు. శాపనార్థాలు పెట్టి లాభం లేదు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడు, వీణ్ణి నలుగురిలోనే నవ్వులపాలు చేయాలి. ఆ నలుగురూ ఎంత ఎక్కువమందైతే అంత మంచిది.

తర్వాతి రెండేళ్లు నేను నోరెత్తలేదు. ఊళ్లోవాళ్లు ముసలామె మెత్తబడిందనుకున్నారు.

చెరువు మాత్రం అందరికీ కనబడేలా ఖాళీ అవుతూ వచ్చింది. మొదటి ఏడు గంపలు నిండాయి, నిజమే. అన్నీ అరచేతికి చాలని చేపలు. జనగామ అంగట్లో కొనేవాళ్లు వాటిని వేలితో ఇటూ అటూ తిప్పి, "ఏంది అవ్వా, ముల్లు కొంటున్ననా, చేప కొంటున్ననా?" అని సగం ధరకు అడిగేవాళ్లు. శివరాత్రికి పట్టడానికి చెరువులో పెద్ద చేపే మిగల్లేదు. రెండో ఏడు సన్నచేపలు కూడా తగ్గాయి. మిరుగం దాటాక కూడా మరిది మనుషులు తుంగ అంచున వలలు తిప్పుతున్నారని విన్నాను. ఒక పొద్దున పోయి చూశాను. ఎర్రటి పిల్లల ముద్ద చెదిరి, దారితప్పిన మందలా గట్టు వెంట తిరుగుతోంది. కింద తల్లి లేదు. కొంగలు ఏరుకొని తింటున్నాయి. పిల్లల్ని కాచుకునే తల్లిని, పిల్లల్ని కాచుకుంటోందనే పట్టుకుపోయారు. అది చూశాక నా పగలో నా ముచ్చట ఒక్కటే మిగల్లేదు. ఇలాంటి వానాకాలం ఇంకొక్కటి పోతే మా చెరువులో కొర్రమట్ట అనేది ఉండదు. చేప లేని చెరువు పక్కన చేపలు పట్టే ఇళ్లు ఏం తిని బతుకుతాయి?

"ఎవరికమ్ముతున్నడు?" అని అడిగితే ఊళ్లో ఎవరికీ తెలియదు. జనగామ అంగట్లోకి ఆ చేప రావడం లేదు. సాక్ష్యం లేకుండా అడిగితే వాడు మళ్లీ నవ్వుతాడు. నవ్వే సందు ఇంకోసారి ఇవ్వదలచుకోలేదు.

సాక్ష్యం భూపాలపల్లిలో దొరికింది. నా బిడ్డను అక్కడి బొగ్గుబాయి కార్మికుడికిచ్చాం. దాని కాన్పుకని పోయి క్వార్టర్‌లో ఉన్నాను. ఆదివారం అల్లుడు చేపలు తెస్తానంటే, ఆ నెలల్లో నేను తినకపోయినా, బేరం చేయడం రాని మనిషికి డబ్బులివ్వడం ఎందుకని నేనే సంచి పట్టుకొని అంగడికి పోయాను. ఒక సాయిబు ఐసుపెట్టెలు ముందు పెట్టుకొని అమ్ముతున్నాడు. పెట్టెలో కొర్రమట్టలు, కడుపులు ఉబ్బి, వేలు పెడితే గుడ్లు కారేలా ఉన్నాయి. పక్క పెట్టెలో వేలెడేసి రవ్వ పిల్లలు.

"ఏడి చేపలు భాయ్ ఇవి? గింత సన్నయి పట్టిన మొగోడెవ్వడు?"

"తాజా మాల్ అవ్వా! నర్మెట్ట దిక్కు చెరువుది. ఆడి సొసైటీ పెద్దమనిషి శనివారం శనివారం డీసీఎం వ్యానుల పంపుతడు. బహుత్ పెద్ద లీడర్. ఆయన బండిని బందుల గూడ ఎవ్వలు ఆపరు."

"ఆపరా?"

"లీడర్ బండి అవ్వా! ఎవలాపుతరు?"

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం మనవరాలు పుట్టినప్పుడు కూడా కలగలేదంటే నా బిడ్డ కోపగించుకుంటుంది గానీ, అబద్ధమెందుకు రాయాలి? చేపలు కొనలేదు. కోడిగుడ్లు తీసుకొని క్వార్టర్‌కు పోయాను.

పదకొండో రోజు పురుడు కాగానే ఊరికి బయలుదేరాను. వచ్చేసరికి శనివారం జనగామ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు అని చాటింపు వేశారు. ఊరూరా జనం గిన్నెలు, బియ్యం తెచ్చుకొని, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకొని తినాలి, బండి కదలకూడదు. సభలో మాట్లాడేవాళ్లలో మా మరిది ఉన్నాడు. శనివారం, జనగామ, మరిది, డీసీఎం. ఎవరో నాకోసం కూర్చి పెట్టినట్టు అన్నీ ఒక్కచోటికి వచ్చాయి.

మా ఆడవాళ్లను పిలిచాను. "బియ్యం మీరు తెండ్రి. చింతపండు, కారం, ఉల్లిగడ్డ, మెంతులు నేను తెస్త. కూరగాయలు వద్దు."

"కూరగాయలు లేకుంటే అంతమందికి ఏం పెడ్తవ్ అక్కా?" అని ఒకామె.

"కూర అదే వస్తది."

"అదే వచ్చుడేంది? కాళ్లున్నయా దానికి?"

"కాళ్లు కావు, టైర్లున్నయి" అన్నాను. నాకు మతి తప్పిందని ఒకరినొకరు చూసుకున్నారు. గంప, చుట్టబట్ట కూడా తీసుకుంటుంటే ఎవరూ ఏమీ అడగలేదు. నాతో గంప ఎప్పుడూ ఉండేదే.

చౌరస్తాలో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, చింతపండు పిసికి రసం తీసి కూర్చున్నాను. చుట్టూ డప్పులు, నినాదాలు. ఎండ నెత్తికెక్కింది. అన్నాలు ఉడికిపోయాయి. బండి రాలేదు. మా ఆడవాళ్లు నన్ను చూసి గొణగడం మొదలుపెట్టారు. "గింతమందికి చింతపండు నీళ్లు పోస్తదేమో పెద్దమ్మ" అని ఒక పోరడు నవ్వాడు. ఈ రోజు బండి రాకపోతే, కూర లేని అన్నం ముందు ఇంతమందిని కూర్చోబెట్టిన దాన్ని నేనవుతాను. రెండోసారి నవ్వులపాలు. రెండోసారి అయితే ఇక నా మాట ఊళ్లో కుక్క కూడా వినదు.

మరిది మైకు పట్టుకున్నాడు. "అన్నలారా, అక్కలారా! మన నీళ్లు మనకే కావాలె! మన చెరువుల పుట్టిన చేప మన బిడ్డ లెక్క! మన బిడ్డలను దోసుకపోయేటోళ్లను రోడ్డు మీద నిలదీయాలె!" జనం చప్పట్లు కొట్టారు. సరిగ్గా ఆ చప్పట్లలోనే నర్మెట్ట రోడ్డు నుంచి హారన్ వినిపించింది.

పోరగాళ్లు అడ్డం తిరిగారు. డ్రైవరు తల బయటపెట్టి, "నన్నాపుతరేందే? మైకుల మాట్లాడుతున్న సార్ బండి గిది!" అని అరిచాడు.

దవాఖాన బండి, పాలబండి తప్ప ఏదీ పోకూడదని అక్కడ కట్టుబాటు. పోరగాళ్లు తటపటాయించారు. నాయకుడి బండి మరి. అందులో ఒకడు నా దగ్గరికొచ్చాడు. "అవ్వా, మీ ఊరాయన బండట. చేపలు కరాబైతయంటుండు డ్రైవర్. పోనియ్యమంటవా?"

"కరాబెందుకైతయి బిడ్డా? పొయ్యి మండుతున్నది, పులుసు సిద్ధంగున్నది. దింపు."

పెట్టెల మూతలు తీశారు. గుడ్ల కొర్రమట్టలు ఒక పెట్టెలో, ఆకుల్లాంటి పిల్లచేపలు మిగతావాటిలో. నేను తాంబాళం నిండా పేర్చుకొని టెంటు మెట్లెక్కాను. మోకాళ్లు నొప్పి పెట్టాయా లేదా నాకు గుర్తులేదు. తాంబాళం తెచ్చి మైకు ముందు బల్ల మీద పెట్టాను.

"మరిదీ, మన చెరువుల పుట్టిన బిడ్డలంటివి గదా. ఈ బిడ్డలు ఎవరియి?"

వాడు గబుక్కున మైకుకు చేయి అడ్డం పెట్టి, "వదినె, గిది ఇంటి ముచ్చట. ఇంటికాడ మాట్లాడుకుందం" అన్నాడు.

"నా వేళ్ల ముచ్చట నువ్వు ఇంటికాడ మాట్లాడినవా?"

కొర్రమట్టను పట్టి కడుపు మీద బొటనవేలితో నొక్కాను. పసుపుపచ్చ గుడ్లు బల్ల మీదికి, వాడి కండువా కొస మీదికి కారాయి. ముందు వరుసలో ఉన్న మా కులపోళ్లు లేచి నిలబడ్డారు. ఏ నెలలో ఉన్నామో వాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. ఆ చెరువులో తాము వదిలిన పిల్లలు ఎక్కడికి పోతున్నాయో కూడా అప్పుడే అర్థమైంది. వలలెక్కిన నెలల్లో వాడు వాళ్ల వంతు కూడా అమ్ముకుంటున్నాడు. రెండేళ్ల కింద నవ్విన నోళ్లే ఇప్పుడు పళ్లు కొరుకుతున్నాయి.

"అన్నా, దోసుకపోయేటోళ్లను నిలదీయాలె అంటివి గదా" అని కింద నుంచి ఒక పోరడు అరిచాడు. "నిలవెట్టినం, ఇగ తియ్యి!"

జనమంతా నవ్వారు. ఎంతోమంది. పొయ్యి ముందు కూర్చొని నేను కోరుకున్నదాని కంటే ఎక్కువమంది.

చుట్టబట్ట చుట్టి వాడి నెత్తిన నేనే పెట్టాను. వాడు మా మగవాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేలవైపు చూశారు. గంప ఇద్దరం ఆడవాళ్లం ఎత్తి పెట్టాం. నిండా పెట్టాం.

"ఏం జెప్పుకుంట తిరగాలె?" అన్నాడు, నోట్లో నోట్లోనే.

"ఉన్నదే జెప్పు. గుడ్ల చేపలు, పిల్ల చేపలు అను."

అన్నాడు, నాకే వినబడనంత మెల్లగా.

"మైకుల ఎంత గట్టిగ మాట్లాడినవో గంత గట్టిగ."

చౌరస్తా నుంచి రైల్వేస్టేషన్ దాకా, తిరిగి చౌరస్తా దాకా, "గుడ్ల చేపలమ్మా, పిల్ల చేపలమ్మా" అని అరుచుకుంటూ నడిచాడు నా మరిది. ఐసునీళ్లు చెవుల వెంట కారాయి. డప్పులవాళ్లు వాడి అడుగుకు తగ్గట్టు దరువు వేశారు. అది నేను చెప్పింది కాదు, వాళ్లకే తోచింది. వాళ్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. షాపులవాళ్లు మెట్ల మీదికొచ్చి, "అన్నా, కిలోకు ఎన్ని తల్లులొస్తయే?" అని అడిగారు. జాలి పడ్డానా అని తర్వాత కొందరు అడిగారు. పడలేదు. తుంగలో తల్లి కోసం తిరిగిన పిల్లల్ని చూసినదాన్ని, వాడి మీద ఖర్చు పెట్టడానికి నా దగ్గర జాలి మిగల్లేదు.

చచ్చిన చేపను పారబోయడం నాకు చేతకాదు. కాబట్టి అన్నీ వండాం. శుభ్రం చేయడానికి కూర్చుంటే, డోర్నకల్ కోడలు ఎప్పుడు వచ్చిందో నా పక్కన కత్తిపీట ముందేసుకొని కూర్చుంది.

"పెద్దత్తమ్మా, ఆ రోజు నేను..."

"మాటలొద్దు. పిత్తం పగలకుంట కొయ్యి. చేదైతది."

గుడ్లు విడిగా తీసి వేయించాం. పులుసు బాగా కుదిరిందని అందరూ మళ్లీ మళ్లీ పోయించుకున్నారు. నేను పచ్చిపులుసుతో తిన్నాను. వాన నెలల చేప నా నోట్లోకి ఎప్పుడూ పోలేదు, ఆ రోజు కూడా పోనివ్వలేదు.

మరిదిని అధ్యక్ష పదవి నుంచి దించుదామన్నారు మావాళ్లు. వద్దన్నాను. దించితే ఇంట్లో కూర్చొని ముఖం దాచుకుంటాడు. ఉంటే, ప్రతి దసరాకూ వల పట్టుకొని నా ముందు నిలబడాలి. నాకు వాడి కుర్చీ అక్కర్లేదు, నా వేళ్ల మాట నాకు కావాలి. ఆ దసరాకు మిషను వలలన్నీ షెడ్డు ముందు పరిచారు. ఒక్కటి కూడా దాటలేదు. ఎవరి వల వాళ్లకు ఇచ్చి పంపాను. మరిది వల మాత్రం ఇవ్వలేదు. మంచి నైలాను, పారేస్తే పాపం. పెరట్లో చిక్కుడు పాదుకు పందిరిగా కట్టాను. ఇప్పటికీ గట్టిగా ఉంది. వాడి దోమతెర మీద నుంచి చిక్కుడుకాయలు తెంపుకున్న ప్రతి పొద్దూ నా కడుపు చల్లగా ఉంటుంది.

ఆ ఏడు మా ఇళ్లలో తిండికి కటకటే అయింది. కొత్త వలలు అల్లుకోవాలి, చెరువులో చేప లేదు. మగవాళ్లు ఇటుకబట్టీలకు పోయారు, ఆడవాళ్లం పత్తి ఏరడానికి పోయాం. నన్ను తిట్టినవాళ్లున్నారు. "ముసల్దాని పంతానికి మా పొయ్యిలు ఆరుతున్నయి" అని నా గడప ముందే అన్నారు. నేను గడప లోపలి నుంచే, "చెరువు ఆరితే మీ పొయ్యిలు ఎట్ల మండుతయే?" అన్నాను. మరుసటి మిరుగానికి వలలు దూలాలకెక్కాయి. దసరా దాకా దిగలేదు. దింపుదామన్నవాడికి మరిది నెత్తి మీది గంప గుర్తుచేస్తే చాలు, నోరు మూసుకునేవాడు. వాడు అంత మేలు చేశాడు చెరువుకు, తనకు తెలియకుండానే.

తెలంగాణ వచ్చిన ఏటి వానల్లో గట్టు మీద నడుస్తుంటే తుంగ పక్కన ఎర్రటి ముద్ద కనబడింది. కొంగ ఒకటి దిగబోయింది. నీళ్లు ఒక్కసారి భళ్లుమన్నాయి, కొంగ ఎగిరిపోయింది. తల్లి ఉంది కింద. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆ శివరాత్రికి మావాళ్లు లాగిన వలలో మోచేయి దాటిన బొచ్చెలు పడ్డాయి. కొనేవాళ్లు జనగామ నుంచి, మానుకోట నుంచి బండ్లేసుకొని గట్టు మీదికే వచ్చారు. ముల్లు కొంటున్ననా అని ఒక్కడూ అడగలేదు. తక్కువ చేపలు పట్టి ఎక్కువ డబ్బు చూసింది మా తరంలో అదే మొదలు.

మరిది ఇప్పుడు తన వల తానే చేత్తో అల్లుకుంటాడు. దసరా పొద్దున అందరికంటే ముందు తెచ్చి పరుస్తాడు. కోడలు నా పక్కన నిలబడుతుంది. ఎలా చూడాలో నేర్పుతున్నాను.

"నీ తర్వాత నేనే చూడాలంటరు పెద్దత్తమ్మా. నా వేళ్లేమో ఇట్ల సన్నగున్నయి" అందామె మొన్న.

"పొలుసు గీకు. గీకంగ గీకంగ అవే లావైతయి. తొందరేంది, నేనింక సావలేదు గద."

మొన్నటి దసరాకు మరిది వలలో వేళ్లు పెట్టాను. రెండో గణుపు దగ్గర బిగిశాయి.

"వదినె, గిది నిరుటి వలనే. నిరుడు నువ్వే పాసు చేసినవు!"

"వల నిరుటిదే. వేళ్లు ఈ యేటివి. పెండ వేళ్లు గదా మరిదీ, లావైనయి. పోయి అల్లుకరా."

వాడు వల చుట్టుకొని ఇంటికి పోయాడు. మిగతావాళ్లు నా వేళ్లు లావవుతున్నాయని తెలిసి ముందే పెద్ద కన్ను అల్లుకున్నారు. వాడికి ఆ సంగతి చెప్పినవాడు లేడు. చేప ఎలాగూ ఇంకా పెద్దది కావచ్చు, నష్టమేమీ లేదు.

కీళ్ల వాపులకు నా బిడ్డ భూపాలపల్లి దవాఖాన నుంచి గోలీలు పంపుతుంది. మంచి గోలీలు. వారం వేసుకుంటే వేళ్లు ఎప్పటిలా సన్నబడతాయి. వేసుకుంటూనే ఉన్నాను. వినాయకచవితి నుంచి దసరా దాకా మాత్రం డబ్బా మూత తీయను.